లిఫ్టు చెడితేనే వచ్చే అమ్మాయి

ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయినప్పుడు మనవాడు చేసిన మొదటి పని ఉన్న బటన్లన్నీ నొక్కెయ్యడం. రెండో పని, తలుపు మీద దబదబా బాదడం. మూడో పని ఏమిటో ఇప్పటికీ ఎవరికీ చెప్పడు గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగిన మాట నిజం. పదిహేడేళ్ళు వచ్చాయి, మీసం మొలుస్తోంది, స్కూల్లో బాస్కెట్‌బాల్ టీములో ఉన్నాడు. లిఫ్టులో లైటు ఆరిపోయాక వీటిలో ఒక్కటీ అక్కరకు రాలేదు.

బయట వాన దంచి కొడుతోంది. ఆ చప్పుడు లిఫ్టు గోతిలోకి దిగి, ఎవరో పైనుంచి బియ్యం పోస్తున్నట్టు వినిపిస్తోంది. పావుగంట గడిచాక పైన తలుపేదో కిర్రుమంది. సందులోంచి సన్నటి వెలుగు వచ్చి వాడి బూట్ల మీద పడింది. ఆ వెనకే ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"అన్నీ ఒకేసారి నొక్కితే అది ఎక్కడికని వెళ్తుంది?"

వాడికి ఒళ్ళు మండింది. ఎవరు నువ్వు అని గట్టిగా అడిగాడు. మెకానిక్ కూతుర్నని, నాన్న పైన మిషన్ రూములో ఉన్నాడని, పది నిమిషాల్లో బయటికి తీస్తాడని ఆ గొంతు నిదానంగా చెప్పింది. భయమేస్తోందా అని కూడా అడిగింది. లేదన్నాడు. గొంతు మేకపిల్లలా వణికింది. ఆ అమ్మాయి నవ్వలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

నవ్వకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. పొద్దున ఏం తిన్నారు, ఎన్నో ఫ్లోరు, ఇంట్లో ఎవరెవరుంటారు, ఏ సబ్జెక్టు అంటే ఇష్టం, ఏదంటే చిరాకు. మొదట ముక్తసరిగా చెప్పాడు. తర్వాత మాట మీద మాట వచ్చింది. నాయనమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. ఫిజిక్సులో రెండుసార్లు తప్పిన సంగతి చెప్పాడు. కుక్కపిల్లని పెంచుకోవాలని ఆరేళ్ళ నుంచి కోరికని, బొచ్చు రాలుతుందని అమ్మ వద్దంటుందని, ఎవరికీ చెప్పనిది కూడా చెప్పేశాడు. ఇంకా చెప్పేవాడే గానీ లిఫ్టు కదిలింది.

ఏడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఎదురుగా సన్నగా, వేరే స్కూలు యూనిఫాంలో ఒక అమ్మాయి. చేతిలో టార్చిలైటు, చెంప మీద నల్లటి గ్రీజు మరక.

ఇంకేమైనా అడుగు అన్నాడు మనవాడు, దిగడం కూడా మర్చిపోయి.

"ఎందుకు, బయటికొచ్చేశారుగా," అంది ఆ అమ్మాయి. ఇరుక్కున్నవాళ్ళని మాట్లాడిస్తూ ఉండాలన్నది వాళ్ళ నాన్న పెట్టిన రూలట. మాట్లాడుతుంటే కంగారు పడరట. ఈ నెలలో మీరు నాలుగోవారు, మూడో ఆవిడైతే పాట కూడా పాడింది అని చెప్పి, చంకలోని రిజిస్టరు తీసి రాసుకుంది. వాడు తొంగి చూశాడు. 'తొమ్మిదో ఫ్లోరు, ఒక బాబు' అని రాసి ఉంది.

బాబట! ఆ రోజంతా ఆ మాట వాడి చెవిలో జోరీగలా తిరిగింది.

*

ఆ తర్వాత రెండు వారాలు లిఫ్టు బంగారంలా నడిచింది. లిఫ్టు బాగా నడుస్తున్నందుకు బాధపడ్డ మనిషి ప్రపంచంలో వాడొక్కడే అయి ఉంటాడు. ఎక్కినప్పుడల్లా ఆగుతుందేమోనని ఆశగా చూసేవాడు. ఆగేది కాదు. మనసులో ఆ అమ్మాయికి 'టార్చి' అని పేరు కూడా పెట్టుకున్నాడు. పేరు పెట్టుకోవడమైతే అయింది గానీ పిలవడానికి మనిషి లేదు.

ఆలోచన దానంతటదే వచ్చింది. ఒక సాయంత్రం బ్యాగులోంచి రబ్బరు జారి లిఫ్టు గుమ్మంలో పడింది. తలుపు జారే గాడి ఉంటుంది చూడండి, సరిగ్గా అందులో. తలుపు వచ్చింది, చివరి అంగుళంలో తగిలి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప లిఫ్టు కదలదు. మనవాడు అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రబ్బరు తీసుకుని ఇంట్లోకి వెళ్ళి, బ్లేడుతో చిన్న ముక్క కోశాడు.

ముక్క గాడిలో నొక్కినవాడూ వాడే, లిఫ్టు చెడిపోయిందని ఫోన్ చేసినవాడూ వాడే. గంట తిరక్కముందే మెకానిక్ వచ్చాడు, వెనకాలే టార్చి వచ్చింది.

"మళ్ళీ తొమ్మిదో ఫ్లోరేనా," అంది వాణ్ణి చూసి.

మెకానిక్ తక్కువ మాటల మనిషి. ఏ రిపేరైనా పైన మిషన్ రూములో మొదలుపెట్టి, ఒక్కో అంతస్తూ చూసుకుంటూ కిందికి దిగుతాడు. కూతుర్ని టార్చిలైటు పట్టుకోనిస్తాడు, స్క్రూడ్రైవరు ముట్టుకోనివ్వడు. ఆ అమ్మాయికి మాత్రం చదువైపోయాక ఈ పనే చెయ్యాలని ఉంది. అందుకే స్కూలు వదలగానే వచ్చి ఆయన వెంట తిరుగుతుంది.

తండ్రీ కూతుళ్ళు మిషన్ రూములో ఉండగా మనవాడు గుట్టుచప్పుడు కాకుండా ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. ఎందుకంటారా, దయ! పాపం ఆయన్ని ఎక్కువ కష్టపెట్టకూడదని. ఆయన దిగి వచ్చేసరికి తలుపు చక్కగా మూసుకుంటోంది. మెకానిక్ నాలుగుసార్లు తెరిచి మూసి చూశాడు. తల గోక్కున్నాడు. రిజిస్టరులో 'కారణం తెలియలేదు' అని రాసి సంతకం పెట్టాడు. ఆ రెండు మాటలు రాయడానికి ఆయనకి ఎంత మనసొప్పలేదో మనవాడికేం తెలుసు? వాడి కళ్ళు టార్చి మీద ఉన్నాయి.

వెళ్తున్నారని వాడే ముందుకెళ్ళి లిఫ్టు బటన్ నొక్కాడు. మెకానిక్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. టార్చి కూడా అటే నడిచింది. లిఫ్టు ఉండగా మెట్లెందుకని వాడు అడిగాడు. ఆ అమ్మాయి గోడ వైపు చెయ్యి చూపించింది.

'పనివారు, సామాన్లు మోసేవారు మెట్లు వాడవలెను. ఇట్లు, అధ్యక్షురాలు.'

ఆరేళ్ళ వయసు నుంచి రోజూ ఆ బోర్డు ముందే తిరిగాడు. ఒక్కరోజూ చదవలేదు. ఇంకో సంగతేమిటంటే, ఆ అపార్టుమెంట్ల సంఘం అధ్యక్షురాలు వాళ్ళమ్మే. ఆవిడ పళ్ళ డాక్టరు. ఆసుపత్రిలో ఆవిడ ముందు నోరు తెరవనివాళ్ళు లేరు, ఇంట్లో ఆవిడ ముందు నోరు తెరిచేవాళ్ళు లేరు.

"మరి బాగుచేసేది మీరేగా," అన్నాడు.

"బాగుచేసేటప్పుడు ఎక్కుతాం. బాగయ్యాక దిగిపోతాం," అంది టార్చి. మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

వాడూ వెనకాలే మెట్లు దిగాడు. తొమ్మిది అంతస్తులకి నూట ఎనభై మెట్లని ఆ రోజే తెలిసింది. వాళ్ళ స్నేహమంతా ఆ మెట్ల మీదే జరిగింది. ఆ అమ్మాయి కూడా పన్నెండో తరగతే, ఫిజిక్సులో క్లాసు ఫస్టు. లిఫ్టుకి అవతలి వైపు ఒక బరువు వేలాడుతూ ఉంటుందని, ఇది దిగితే అది ఎక్కుతుందని, అందుకే మోటారుకి శ్రమ తక్కువని చేతులు ఊపుతూ చెప్పింది. ట్యూషన్ మాస్టారు ఏడాదిపాటు చెప్పినా బుర్రకెక్కని పాఠం ఎనిమిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఎక్కేసింది. వాళ్ళిల్లు ప్రింటింగ్ ప్రెస్సు పైనట. మిషన్ చప్పుడు ఆగితే నిద్ర పట్టదట. మనవాడు వాళ్ళ గేమ్స్ మాస్టారిని అనుకరించి చూపిస్తే నాలుగో అంతస్తులో మొదటిసారి నవ్వింది. నవ్వితే కళ్ళు చిన్నవైపోతాయి. ఆ నవ్వు కోసం వాడు ఇంకో తొమ్మిది అంతస్తులు దిగడానికైనా సిద్ధంగా ఉన్నాడు, అంతస్తులే అయిపోయాయి.

అంత బాగుంటే ఎవడు ఊరుకుంటాడు? తొమ్మిది రోజుల తర్వాత లిఫ్టు రెండోసారి చెడింది. ఈసారి టార్చి తన ఫిజిక్సు నోట్సు ఇచ్చి వెళ్ళింది. నోట్సు తిరిగివ్వాలనే వంకతో మరుసటి వారం మూడోసారి చెడింది.

*

మూడోసారి లెక్క తప్పింది.

రబ్బరు ముక్క ఎప్పటిలాగే పెట్టాడు, ఎప్పటిలాగే తీశాడు. కానీ మెకానిక్ ఎప్పటిలా లేడు. తలుపు బాగానే మూసుకుంటున్నా ఆయనకి నమ్మకం కుదరలేదు. మొత్తం విప్పి చూస్తే గానీ ఎవర్నీ ఎక్కనివ్వనని లిఫ్టు ఆపేశాడు. సరిగ్గా అదే సమయానికి మోకాళ్ళకి చికిత్స చేయించుకుని నాయనమ్మ కింద కారు దిగింది. తొమ్మిది అంతస్తులు ఎక్కలేదు, వెనక్కి వెళ్ళలేదు. రెండు గంటలసేపు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పాదాలు వాచిపోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మ అత్తగారిని ఆ స్థితిలో చూసింది. అరవలేదు. అరిచే మనిషి కాదావిడ. అక్కడే నిలబడి మెకానిక్ మీద లిఫ్టు కంపెనీకి ఫిర్యాదు ఉత్తరం రాసింది.

ఆ సాయంత్రం టార్చి మెట్లు దిగుతూ ఒక్క మాటా మాట్లాడలేదు. మనవాడు రెండు జోకులు వేశాడు, రెండూ నేల మీద పడ్డాయి. ఐదో అంతస్తులో ఆ అమ్మాయి మెట్టు మీద కూలబడింది.

ఒకే లిఫ్టు నెలలో మూడుసార్లు చెడి, మూడుసార్లూ కారణం తెలియకపోతే మెకానిక్ కార్డు వెనక్కి తీసేసుకుంటారట. కార్డు లేకపోతే ఏ లిఫ్టునీ ముట్టుకోకూడదట. ఆదివారం కంపెనీ ఆఫీసరు వస్తున్నాడు. ఇదంతా నోట్సులోంచి చదివినట్టు చెప్పుకుపోయింది. తర్వాత ఏడుపు వచ్చేసింది.

"ఇరవై రెండేళ్ళ నుంచి చేస్తున్నాడు నాన్న. పొద్దున చేతులు రెండూ ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు. నా చేతికేదో అయిందే అమ్మాయ్, ముట్టుకుంటే జబ్బు తెలిసేది, ఇప్పుడు తెలియట్లేదు అన్నాడు."

ఉద్యోగం, కార్డు, ఇవన్నీ ఒక ఎత్తు. ఆ మనిషి తన చేతుల్ని తనే నమ్మలేకపోవడం ఒక ఎత్తు. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు. మాట పెదవి దాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల మళ్ళీ తన మొహం చూడదు. మాట వెనక్కి వెళ్ళిపోయింది.

టార్చి కళ్ళు తుడుచుకుని లేచింది. "నీతో చెప్పాక కాస్త తేలిగ్గా ఉంది," అంది.

అంతకంటే రెండు చెంపలూ వాయించి ఉంటే బాగుండేదని వాడికి అనిపించింది.

*

నాయనమ్మ పాదాలకి మందు రాస్తూ వాడు అదే పాదానికి మూడోసారి రాశాడు. ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది.

"ఆ కాలు మందులో మునిగిపోయింది గానీ, సంగతేమిట్రా?"

వాడు తేలు కుట్టిన దొంగలా దిక్కులు చూసి, ఆఖరికి అంతా చెప్పేశాడు. రబ్బరు ముక్క, మెట్లు, నవ్వితే చిన్నవయ్యే కళ్ళు, మెకానిక్ చేతులు, ఏదీ దాచలేదు. నాయనమ్మ మధ్యలో అడ్డుపడలేదు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"నా రెండు గంటలు పోతే పోయాయి, ఆ మనిషికి ఇరవై రెండేళ్ళు పోతాయి," అంది. ఆపైన, "ఇష్టమైతే ఎదురెళ్ళి పలకరించాలిరా. కాలు విరగ్గొట్టి ఇంటికి రప్పించుకుంటారా ఎవరైనా?" అంది.

ఆదివారం నువ్వు కూడా పక్కన ఉండు నాయనమ్మా అని బతిమాలాడు. చేసేటప్పుడు ఒక్కడివే చేశావుగా, చెప్పేటప్పుడూ ఒక్కడివే చెప్పు అని ఆవిడ దుప్పటి కప్పుకుంది.

ఆదివారం పొద్దున కింద హాల్లో బిల్డింగులోవాళ్ళు పన్నెండు మంది కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యలో అమ్మ, పక్కన ఫైలుతో కంపెనీ ఆఫీసరు. మెకానిక్ స్తంభం దగ్గర నిలబడ్డాడు. ఆయనకి కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. టార్చి తండ్రి చెయ్యి పట్టుకుని ఉంది.

నిర్లక్ష్యం నీదేనని ఒప్పుకుంటావా అని ఆఫీసరు అడిగాడు.

"నాకు తెలిసి ఏ లోపమూ లేదండి," అన్నాడు మెకానిక్. "కానీ తలుపు మూసుకోలేదన్నదీ నిజమే. నా చేతిలోనే ఏదో తేడా వచ్చి ఉండాలి." జేబులోంచి కార్డు తీశాడు. అంచులు అరిగిపోయిన కార్డు.

మనవాడు ఎలా ముందుకు వచ్చాడో వాడికే తెలియదు.

"ఆయన చేతిలో ఏ తేడా లేదు," అన్నాడు. "తలుపులో రబ్బరు ముక్క పెట్టింది నేను. మూడుసార్లూ నేనే. ఆయన చూసేలోపు తీసేసింది కూడా నేనే."

అందరూ నమ్మనట్టు చూశారు. జేబులోంచి ముక్క తీసి పక్కనున్న లిఫ్టు తలుపు గాడిలో పెట్టి చూపించాడు. తలుపు వచ్చింది, తగిలింది, వెనక్కి వెళ్ళింది. ముక్క తీశాడు. తలుపు మెత్తగా మూసుకుంది.

ఎందుకు చేశావని అమ్మ అడిగింది. గొంతు ఎప్పటిలాగే ఉంది, మొహం మాత్రం పాలిపోయింది.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం పని. ఆ అమ్మాయి వస్తుందని చేశానంటే సరిపోతుంది. కానీ ఆ మాట అన్న మరుక్షణం పన్నెండు మంది తలలూ స్తంభం వైపు తిరుగుతాయి. సాయంత్రానికల్లా తొమ్మిది అంతస్తుల్లో అదే కబురు. తప్పు తనది, మాట పడేది ఆ పిల్ల. వాడు తల దించుకున్నాడు.

"ఊరికే. ఆటకి చేశాను."

పెద్దింటి పిల్లల పొగరని వెనక ఎవరో గొణిగారు. వాడు విననట్టు ఊరుకున్నాడు. అమ్మ కుర్చీలోంచి లేచింది. "మెకానిక్ గారూ, తప్పు మాది. క్షమించండి," అంది. ఆవిడ ఆయన్ని గారూ అనడం అదే మొదటిసారి. ఆఫీసరు ఫైల్లోంచి తన ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసింది.

మెకానిక్ తన చేతుల వంక చూసుకున్నాడు. ఒకసారి వేళ్ళు ముడిచి తెరిచాడు. తర్వాత రిజిస్టరు తెప్పించుకుని, 'కారణం తెలియలేదు' అని ఉన్న మూడుచోట్లా కొట్టేసి, కారణం రాశాడు. టార్చి మాత్రం మనవాణ్ణి ఒక్క చూపు చూసి గేటు దాటి వెళ్ళిపోయింది. ఆ చూపుకి వాడు నిలువునా నీరైపోయాడు.

అమ్మ మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగో రోజు మెట్ల దగ్గర గోడ మీద బోర్డు లేదు, స్క్రూల కన్నాలు నాలుగు మిగిలాయి. అమ్మ చూపుడువేలికి గోరు విరిగి ఉంది. ఏమైందని వాడు అడిగితే, ఆ బోర్డు పెట్టినప్పుడు నేను లిఫ్టు గురించే ఆలోచించానురా, మనుషుల గురించి కాదు అంది.

*

ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఇనప మెట్లెక్కి మనవాడు వాళ్ళింటికి వెళ్ళాడు. మెకానిక్ నేల మీద కూర్చుని పనిముట్లు తుడుచుకుంటున్నాడు. క్షమించండి అంకుల్ అన్నాడు వాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది.

క్షమించడం ఎప్పుడో అయిపోయిందని, శిక్ష వేరే సంగతని ఆయన అన్నాడు.

"నా రూటులో పదకొండు లిఫ్టులున్నాయి బాబూ. ప్రతి గుమ్మంలో గాడులన్నీ నువ్వే తుడవాలి. నాలుగు శనివారాలు."

లోపల్నుంచి టార్చి గొంతు వినిపించింది, అతను రానక్కర్లేదు నాన్నా అని. అతనట! మొన్నటిదాకా నువ్వు, ఇప్పుడు అతను. పని చెయ్యనీ అమ్మాయ్ అన్నాడు మెకానిక్.

మొదటి శనివారం టార్చి ఉలుకూ పలుకూ లేకుండా లైటు పట్టుకుంది. వాడు బ్రష్షు పెట్టిన చోట కాకుండా కావాలని జానెడు పక్కన పట్టుకుంది. చీకట్లో తడుముకుంటూ మూడు బిల్డింగులు తుడిచాడు, మోకాలి చిప్పలు అరిగాయి. రెండో శనివారం వెలుగు కాస్త జరిగి సరైన చోట పడింది. మూడో శనివారం ఏడో లిఫ్టు దగ్గర నోరు విప్పింది.

"అక్కడ ఇంకా ఉంది."

మూడే మాటలు. దుమ్ము గురించి. ఆ మూడు మాటలకే వాడు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

నాలుగో శనివారం పదో బిల్డింగులో మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తుంటే లిఫ్టు వచ్చి ఆగింది. లోపల్నుంచి దిగినవాడు ఇంకెవరో కాదు, వాళ్ళ బాస్కెట్‌బాల్ కెప్టెన్. ఇదేంట్రా, ఇక్కడ ఇలా కూర్చున్నావేంటి అని నిర్ఘాంతపోయాడు.

టార్చి చప్పున లైటు ఆర్పి గోడ పక్కకి జరిగింది. మనవాడికి దారి ఇచ్చిందన్నమాట. ఏదో పడిపోతే వెతుక్కుంటున్నానని చెప్పి తప్పించుకోమని. మనవాడికి ఆ జరగడం కనిపించింది. గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు.

"పనిలో ఉన్నాను. ఈ లిఫ్టులు చూసేది మా అంకుల్. ఈ అమ్మాయి నా ఫ్రెండు. నేను మొన్న ఫిజిక్సు పరీక్ష పాసయ్యానంటే ఈ అమ్మాయి వల్లే."

కెప్టెన్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆ నోట్సు నాక్కూడా ఇప్పించరా బాబూ అని వెళ్ళిపోయాడు. టార్చి వచ్చి మెట్ల మీద కూర్చుంది, పక్కన చోటు వదిలి. మనవాడు మెల్లగా వచ్చి అక్కడ కూర్చున్నాడు.

"నా కోపం రబ్బరు ముక్క మీద కాదు," అంది. "ఆ రోజు నేను ఏడుస్తుంటే పక్కనే ఉండి కూడా చెప్పలేదు చూడు, దాని మీద."

"చెబితే నువ్వు మళ్ళీ రావని భయమేసింది."

"మీటింగులో ఆటకి అని ఎందుకన్నావు? నాకు తెలుసు ఆటకి కాదని."

"నిజం చెబితే అందరూ నీ వైపు చూసేవాళ్ళు."

ఆ అమ్మాయి టార్చిలైటు స్విచ్చి మీద వేలు పెట్టి అటూ ఇటూ ఆడించింది. "ఇప్పుడెవరూ లేరుగా, చెప్పు," అంది.

వాడు చీకటి లిఫ్టులో ఇరుక్కున్నప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు.

"నువ్వు రావాలని. లిఫ్టు బాగుంటే నువ్వు రావు. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

టార్చి మొహం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నాకు మాత్రం ఇష్టం లేదా?" అంది. "మెట్లు దిగేటప్పుడు ఎందుకంత నెమ్మదిగా దిగేదాన్ని అనుకున్నావు? పిలిస్తే వచ్చేదాన్ని కదా. ఒక్కసారి కూడా పిలవలేదు నువ్వు."

మనవాడికి లిఫ్టు ఎలా చెడగొట్టాలో తోచింది, ఎప్పుడు ముక్క తియ్యాలో తోచింది. ఈ అమ్మాయిని అందరు స్నేహితుల్లాగే ఇంటికి రమ్మని పిలవొచ్చని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. ఎందుకు తోచలేదో ఇప్పుడు అర్థమై సిగ్గుతో తల వాలిపోయింది.

"రేపు మా ఇంటికి వస్తావా?" అన్నాడు నేల వంక చూస్తూ.

చూద్దాం అంది టార్చి లేచి, లంగా దులుపుకుంటూ. ఇంకో లిఫ్టు మిగిలింది పద అంది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి తొమ్మిదో అంతస్తులో బెల్లు మోగింది. అమ్మ తలుపు తీసింది. ఎదురుగా మెకానిక్ కూతురు. యూనిఫాం లేదు, టార్చిలైటు లేదు, రిజిస్టరు లేదు. శుభ్రంగా దువ్వుకున్న జడ, నీలం రంగు డ్రెస్సు. అమ్మ అలవాటు కొద్దీ ఆ అమ్మాయి భుజం మీదుగా లిఫ్టు వైపు చూసింది.

"లిఫ్టు మళ్ళీ ఆగిందా?"

"లేదు ఆంటీ, బాగానే ఉంది," అంది టార్చి. "నేను మీ అబ్బాయి కోసం వచ్చాను."

అమ్మ గుమ్మంలో అలాగే నిలబడింది. ఆ పిల్ల మొహంలోకి చూసింది. వెనక నాయనమ్మ ఎవరొచ్చారే కోడలా అని అడుగుతూనే ఉంది. ఒక నిమిషం తర్వాత అమ్మ పక్కకి జరిగి తలుపు బార్లా తీసింది.

"వాడి ఫ్రెండు వచ్చింది అత్తయ్యా," అంది లోపలికి వినపడేలా. "రామ్మా, లోపలికి రా."

మనవాడు రెండింటి నుంచి ఆ తలుపు వెనకే ఉన్నాడు. ఏం మాట్లాడాలో ఒకటికి పదిసార్లు అనుకున్నాడు కూడా. తీరా ఆ అమ్మాయి లోపలికొచ్చి ఎదురుగా నిలబడి చూసేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చినమ్మాయిని అలా నిలబెట్టేస్తావేంట్రా అని నాయనమ్మ కసిరింది. వాడు గబగబా వెళ్ళి కుర్చీ లాక్కొచ్చి వేశాడు.

"కూర్చో," అన్నాడు.